పాత మోటార్‌సైకిల్ ఇంజన్లలో వాల్వ్ ట్రెయిన్ లోపాల నిర్ధారణ

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్యామ్ మొదలుకొని వాల్వు దాకా వరసగా పనిచేసే భాగాలన్నిటినీ కలిపి వాల్వ్ ట్రెయిన్ అంటారు. క్యామ్, ట్యాపెట్, పుష్ రాడ్, రాకర్, స్ప్రింగు, గైడు, వాల్వు, వాల్వు కూర్చునే సీటు ఇందులోకి వస్తాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో ఇన్‌లెట్ వాల్వు ఒకసారి, ఎగ్జాస్ట్ వాల్వు ఒకసారి తెరుచుకొని మూసుకోవాలి. ఈ వరసలో ఎక్కడ అరుగుదల వచ్చినా, ఎక్కడ బిగుసుకున్నా ఇంజన్ చప్పుడు, కిక్కు, పికప్, పొగ మారతాయి. అదే లక్షణం వేరే లోపాల వల్ల కూడా కనిపిస్తుంది కాబట్టి ఈ పనిలో కష్టమంతా వాటిని విడదీయడంలోనే ఉంది.

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ వంటి పాత టూ స్ట్రోక్ బళ్లకు ఈ బాధే లేదు. వాటిలో సిలిండర్ గోడకున్న పోర్టులను పిస్టనే తెరిచి మూస్తుంది. అందుకే మన ఊళ్లలో పాత బండి ట్యాపెట్ల మాట వస్తే అది దాదాపు ఎప్పుడూ బుల్లెట్ గురించే అయి ఉంటుంది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో తయారైన 350 బుల్లెట్‌కు బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., సామర్థ్యం 346 సీసీ. ఇనుప బ్యారెల్, అల్యూమినియం హెడ్డు, రెండు పుష్ రాడ్లు. ఇంగ్లండులో ఈ కంపెనీ 1970లో మూతపడినా ఆ ఇంజన్ ఇక్కడ 2010 ప్రాంతం వరకు తయారవుతూనే ఉంది. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు, చేత్తో సెట్ చేసే పని పోయింది. ఈ వ్యాసంలో ప్రధానంగా చూసేది ఆ పాత ఇనుప ఇంజన్‌నే. మిగతా ఇంజన్లు తేడా చెప్పవలసిన చోట వస్తాయి.

చప్పుడు ఎంతవరకు నమ్మాలి

బండి యజమాని షెడ్డుకు వచ్చి మొదట చెప్పే మాట చప్పుడు గురించే. మెకానిక్ కూడా పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ట్యాపెట్ చప్పుడు పైనుంచి, పొడిగా, టకటకమని వస్తుంది. క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి వాల్వు చప్పుడు క్రాంకు వేగంలో సగం ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఐడిలింగ్ 1000 ఆర్‌పీఎం అనుకుంటే ఒక్కో వాల్వు సెకనుకు ఎనిమిది సార్లు కొడుతుంది. సూత్రం సరైనదే. కానీ సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో పిస్టన్ బోరుకు కొట్టుకునే చప్పుడూ, బిగ్ ఎండ్ చప్పుడూ పేలుడు స్ట్రోకులోనే గట్టిగా వినిపిస్తాయి. ఆ స్ట్రోకు కూడా రెండు చుట్లకు ఒకసారే. కాబట్టి లెక్క ఒక్కదానితో బుల్లెట్‌లో ఏదీ తేలదు.

చప్పుడు ఎప్పుడు మారుతోందో చూడటం దానికంటే ఉపయోగం. పిస్టన్ చప్పుడు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. బిగ్ ఎండ్ పోతే ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో లాగేటప్పుడు కింద నుంచి బరువుగా కొడుతుంది. ట్యాపెట్ చప్పుడుకు బరువుతో పెద్దగా సంబంధం లేదు, నిలబెట్టిన బండిలోనూ అలాగే ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపు రాకర్లు కొట్టి తర్వాత సద్దుమణిగితే పైకి ఆయిల్ ఆలస్యంగా చేరుతోందని అనుమానించాలి.

ఇంజన్ నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టే అనుకోవడం మాత్రం ఖరీదైన పొరపాటు. కొంచెం వదులుగా ఉన్న ట్యాపెట్ చప్పుడు చేస్తూ చాలా కాలం నడుస్తుంది. బిగుతుగా ఉన్నది చప్పుడు చేయదు, వాల్వును కాల్చేస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో అధిక భాగాన్ని సీటు ద్వారానే హెడ్డుకు వదులుకుంటుంది. ట్యాపెట్ బిగుతై వాల్వు పూర్తిగా కూర్చోకపోతే ఆ దారి మూసుకుపోతుంది. పైగా ఆ సన్నని సందులోంచి మండుతున్న వాయువు ప్రతి పేలుడుకూ దూసుకుపోతుంది. కొన్నాళ్లకు వాల్వు అంచులో ఒకచోట గాడి పడుతుంది. చప్పుడు రాకుండా చెయ్యమని పట్టుబట్టే యజమానులు, వాళ్లను సంతోషపెట్టే మెకానిక్‌లు కలిసి కాల్చిన ఎగ్జాస్ట్ వాల్వులు తక్కువేమీ కాదు.

బుల్లెట్ ట్యాపెట్లు

చాలా ఇంజన్లలో గ్యాప్‌ను రాకర్‌కు, వాల్వు కొసకు మధ్య ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. బుల్లెట్‌లో అలా కాదు. సర్దుబాటు పుష్ రాడ్ కింది కొసలో, ఇంజన్ కుడిపక్క ఉన్న చిన్న ట్యాపెట్ కవర్ వెనక ఉంటుంది. గ్యాప్ సున్నా. పుష్ రాడ్లు అల్యూమినియంవి కావడంతో ఇంజన్ వేడెక్కి పెరిగినప్పుడు దానితోపాటు ఇవీ పెరుగుతాయి. అందువల్లే చల్లగా ఉన్నప్పుడు సందు లేకుండా పెట్టే వీలు కలిగింది.

పని చల్లటి ఇంజన్ మీదే చెయ్యాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి అయితే మేలు. ప్లగ్గు తీసి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని తిప్పుతూ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి తెస్తారు. రెండు వాల్వులూ మూసి ఉండేది అక్కడే. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర కూడా పిస్టన్ పైనే ఉంటుంది కానీ అప్పుడు రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచి ఉంటాయి. ఆ చోట సెట్ చేస్తే మొత్తం తప్పుతుంది. కవర్ నట్టు విప్పగానే కాస్త ఆయిల్ కారుతుంది, కింద గుడ్డ వేసుకోవాలి. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య రాడ్డును పట్టుకొని తిప్పితే అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకపోతే బిగుతు, ఆడితే వదులు. లాక్ నట్టు బిగించేటప్పుడు సెట్టింగ్ జారుతుంది కాబట్టి బిగించాక మళ్లీ తిప్పి చూడాలి. ఆ తర్వాత ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి అదే స్థానానికి తెచ్చి ఇంకోసారి చూస్తారు. ఒకసారి సులువుగా, ఒకసారి బిగుతుగా తగిలితే రాడ్డు వంగి ఉండవచ్చు, క్యామ్ దాని స్పిండిల్ మీద ఆడుతూ ఉండవచ్చు. ఈ రెండో పరీక్షను వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఫీలర్ గేజ్ వాడే ఇంజన్లలో గ్యాప్ అంకె ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. 1959లో వచ్చిన ట్రయంఫ్ బొనవిల్ 650కి ఇన్‌లెట్ 0.002 అంగుళాలు, ఎగ్జాస్ట్ 0.004 అంగుళాలు. నార్టన్ కమాండోకు 0.006, 0.008. 1969 నాటి హోండా సీబీ 750కి 0.05 మి.మీ., 0.08 మి.మీ. ఒక బండి అంకెను ఇంకో బండికి వాడకూడదు. ఫీలర్ గేజ్‌లో ఒక మోసం కూడా ఉంది. ఏళ్ల తరబడి వాల్వు కొస తగిలి తగిలి రాకర్ ముఖం మీద చిన్న గుంట పడుతుంది. గేజ్ బ్లేడు చదునైనది కనుక గుంట అంచుల మీద నిలబడి లోతును దాటేస్తుంది. చేతికి గ్యాప్ సరిగ్గా ఉన్నట్టే తగులుతుంది, అసలు గ్యాప్ మాత్రం ఆ గుంట లోతంత ఎక్కువ. ఎంత సెట్ చేసినా చప్పుడు పోని ట్రయంఫ్‌లలో మొదట చూడవలసింది ఇదే.

గ్యాప్ ఎటు జారుతోంది

ఒకసారి కొలిచిన గ్యాప్ చెప్పేది తక్కువ. సెట్ చేసిన గ్యాప్ కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఎటు జారిందన్నదే అసలు ఆధారం. అందుకే పాత బండి ఉన్నవాళ్లు ట్యాపెట్ తేదీ, మీటర్ రీడింగు, ఎంత తిప్పవలసి వచ్చిందీ ఒక పుస్తకంలో రాసుకోవడం మంచిది.

గ్యాప్ పెరుగుతూ పోతుంటే లోహం ఎక్కడో అరుగుతోంది. క్యామ్ ముక్కు, ట్యాపెట్ అడుగు, పుష్ రాడ్ కొసలు, రాకర్ ముఖం, వాల్వు కొస, వీటిలో ఏదో ఒకటి. ఒక్క వాల్వుదే తొందరగా పెరుగుతుంటే ముందు క్యామ్ మీద అనుమానపడాలి. దీన్ని తేల్చడానికి డయల్ గేజ్ ఉంటే చాలు. రాకర్ బాక్సు మూత తీసి గేజ్ మొనను వాల్వు స్ప్రింగు టోపీ మీద ఆనించి, ఇంజన్‌ను మెల్లగా తిప్పి వాల్వు ఎంత దిగుతోందో చూస్తారు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ కొలిచి మాన్యువల్‌తోనూ, ఒకదానితో ఒకటీ పోల్చాలి. చదునైన అడుగున్న ట్యాపెట్ క్యామ్ మీద రాసుకుంటూ పనిచేస్తుంది కనుక ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనాల రక్షణ పొర దానికి అవసరం. కార్ల కోసం వచ్చిన కొత్త పలుచటి ఆయిళ్లలో ఫాస్ఫరస్ తగ్గించారు. మోటార్‌సైకిళ్లకు ఉద్దేశించిన జాసో ఎంఏ ప్రమాణంలో అది 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలి. పాత బండిలో కారు ఆయిల్ పోయకూడదనడానికి క్లచ్ జారడం ఒక్కటే కారణం కాదు.

గ్యాప్ తగ్గిపోతూ ఉంటే అది ఇంకా ఆందోళన కలిగించే సంగతి. అరుగుదల ఉన్న ఇంజన్‌లో గ్యాప్ పెరగాలి గానీ తగ్గడమేమిటి? వాల్వు సీటులోకి దిగబడుతోంది. సీటు తినేసిన మేర వాల్వు హెడ్డులో పైకి జరుగుతుంది, దాని కొస రాకర్‌కు దగ్గరవుతుంది. సీసం కలిపిన పెట్రోలు ఉన్నంతకాలం ఆ సీసం సీటు మీద పలుచని పొరగా పేరుకొని ఒరిపిడి నుంచి కాపాడేది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి అంతటా వచ్చింది. ఇనుప బ్లాకులోనే నేరుగా సీటు చెక్కిన యుద్ధకాలపు సైడ్ వాల్వ్ బళ్లు దీనికి ఎక్కువగా లొంగుతాయి. అల్యూమినియం హెడ్డున్న బుల్లెట్‌లో సీటు విడిగా దిగ్గొట్టిన రింగు కావడంతో అంత బాధ లేదు. అయినా బండిని గంటల తరబడి హైవే మీద పూర్తి థ్రాటిల్‌తో తోలేవాళ్లకు ఎగ్జాస్ట్ ట్యాపెట్ బిగుస్తుండటం అనుభవంలోకి వస్తుంది. ప్రతిసారీ వదులు చేసి వదిలేస్తే చివరికి వాల్వ్ గ్రైండింగ్‌తో పోని చోటికి సీటు చేరుతుంది, రింగు మార్చవలసి వస్తుంది.

కిక్కు చెప్పేది

ఖర్చులేని పరీక్షల్లో కిక్కర్ మీద కాలు పెట్టి మెల్లగా నొక్కి చూడటమే మంచిది. బాగున్న బుల్లెట్‌లో కంప్రెషన్ దగ్గరికి రాగానే కిక్కర్ నిలబడిపోతుంది, మనిషి బరువు మోపినా కొద్ది క్షణాలు ఆగుతుంది. నెమ్మదిగా జారిపోతే ఎక్కడో లీకుంది. పొద్దున గట్టిగా ఉండి, ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చాక మెత్తబడితే బిగుతైన ఎగ్జాస్ట్ ట్యాపెట్ మీదే మొదటి అనుమానం. బండి చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, వేడి మీద ఎంత కొట్టినా పలకదు. ఈ లక్షణాన్ని కాయిల్ లోపమనుకొని కాయిల్ మార్చేసే సందర్భాలున్నాయి. వేడికి కాయిల్ కూడా చెడుతుంది నిజమే, కాని కాయిల్ పోతే కిక్కు మెత్తబడదు.

కంప్రెషన్ గేజ్ ఉంటే థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. కదలకపోతే లోపం వాల్వుల్లో ఉంది, లేదా హెడ్ గాస్కెట్‌లో. బుల్లెట్‌లో ఇక్కడ ఒక మెలిక ఉంది. కంప్రెషన్ వదలడానికి హెడ్డుకు ఒక డీకంప్రెసర్ వాల్వు బిగించి ఉంటుంది. దాని కేబుల్ బిగుతైతే అది వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. ముందే ఆ కేబుల్ వదులు చేసి చూడకపోతే దాని లీకంతా ఎగ్జాస్ట్ వాల్వు ఖాతాలో పడి, అనవసరంగా హెడ్డు దిగుతుంది.

కంప్రెసర్ ఉన్న చోట ఇంకా తేటగా తేలుతుంది. పిస్టన్‌ను కంప్రెషన్ పైకి తెచ్చి, గేరులో వేసి, వెనక బ్రేకు గట్టిగా పట్టి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కిస్తారు. బ్రేకు లేకపోతే గాలి పిస్టన్‌ను కిందికి తోసేస్తుంది, అటూ ఇటూ చేతులున్నవాళ్లు జాగ్రత్త. కార్బురేటర్ మూతి దగ్గర బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్, క్రాంక్ కేసు బ్రీదర్ గొట్టంలోంచి వస్తే రింగులు. కొద్దిపాటి గాలి రింగుల పక్కనుంచి పోవడం కొత్త ఇంజన్‌లోనూ ఉంటుంది.

పొగ చూసి గైడును గుర్తించవచ్చు. దిగుడులో థ్రాటిల్ మూసి వచ్చి, కింద మళ్లీ తెరవగానే ఒక్కసారిగా నీలిపొగ గుప్పున వస్తే ఇన్‌లెట్ గైడు అరిగినట్టు. థ్రాటిల్ మూసినప్పుడు లోపల శూన్యం పెరిగి గైడు సందులోంచి ఆయిల్ లాగుతుంది. థ్రాటిల్ తెరిచి తోలుతున్నంతసేపూ పొగ ఉంటే అది ఎక్కువగా రింగుల పొగ. చాలా పాత ఇంజన్లలో గైడు మీద ఆయిల్ సీలు ఉండదు కాబట్టి స్టార్టింగ్‌లో కాస్త పొగ వచ్చినంత మాత్రాన హెడ్డు విప్పనక్కర్లేదు.

అరుదుగా కనిపించేవి, తరచుగా పొరబడేవి

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిని కిక్కు కొట్టగానే పుష్ రాడ్ వంగడం మామూలే. గైడులో పాత పెట్రోలు జిగురు, తుప్పు చేరి వాల్వు కదలకుండా పట్టేస్తుంది. అలాంటి బండికి కిక్కు కొట్టేముందు రాకర్ మూతలు తీసి, వాల్వు కొసల దగ్గర ఆయిల్ చుక్కలు వేసి, చేత్తో తిప్పి చూడాలి. పుష్ రాడ్ వంగిందో లేదో అద్దపు పలక మీద దొర్లిస్తే తెలుస్తుంది. తీసిన రాడ్డును తీసిన చోటే పెట్టాలి. బుల్లెట్‌లో రాకర్లను పట్టుకునే బ్లాకులు పై సగం, కింది సగం జతగా బోరు చేసి ఉంటాయి, వాటినీ కలగాపులగం చేయకూడదు. ఆ బ్లాకులకు ఆయిల్ బయటి గొట్టం ద్వారా వెళుతుంది. ఐడిలింగ్‌లో పైనున్న బోల్టు కాస్త వదులు చేస్తే ఆయిల్ ఊరాలి, ఊరకపోతే దారి మూసుకుపోయింది.

స్ప్రింగు బలహీనపడితే ఎక్కువ వేగంలో వాల్వు క్యామ్‌ను అనుసరించలేక గాలిలో తేలుతుంది, ఇంజన్ అక్కడితో తడబడుతుంది. బుల్లెట్ అంత వేగానికి వెళ్లే ఇంజన్ కాదు, అందుకే ఈ లోపం అందులో కనిపించడం తక్కువ. స్ప్రింగే లేకుండా, తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకొక రాకర్ పెట్టే డెస్మోడ్రోమిక్ పద్ధతిని ఇంజనీరు ఫాబియో టాలియోని డుకాటీలో 1956లో రేసు బండికి తెచ్చాడు. అది 1968లో మార్క్ 3 డెస్మోతో అమ్మకపు బళ్లకు చేరింది. వాటిలో ఒక్కో వాల్వుకు రెండు గ్యాపులు కొలవాలి. మూసే వైపు గ్యాప్ పెరిగితే కిక్కు మెత్తబడుతుంది, దాన్ని చూసి రింగులు మార్చడం దండగ. హోండా సీబీ 750లో ట్యాపెట్ అనుకొని వెంటబడే చప్పుడు చాలాసార్లు వదులైన టైమింగ్ చైనుదే. ట్రయంఫ్‌లో రాకర్ బాక్సు చిన్న మూతలు అదురుకు వాటంతట అవే ఊడి పడిపోతాయి. కొత్తగా ఆయిల్ కారి చప్పుడు పెరిగితే ముందు ఆ మూతలు ఉన్నాయో లేదో చూడాలి.

ఇంజన్ పని చేయించిన వెంటనే బండి బలం తగ్గి, కార్బురేటర్‌లోంచి ఎదురు కొడుతూ ఉంటే టైమింగ్ గేర్లలో ఒక పన్ను తప్పి ఉండవచ్చు. పళ్ల మీద గుర్తులుంటాయి, కవర్ విప్పి వాటిని కలిపి చూడటం తప్ప వేరే దారి లేదు.

హెడ్డు దిగాక

హెడ్డు దిగిందంటే నిర్ధారణ సగం కంటితోనే అవుతుంది. స్ప్రింగులు తీయకుండానే హెడ్డును పోర్టు పైకి ఉండేలా ఒరగబెట్టి, అందులో కిరసనాయిల్ పోసి కాసేపు వదిలితే లీకయ్యే వాల్వు అంచున తడి కనబడుతుంది. వాల్వు తీసి సీటు మీద పెన్సిల్‌తో అడ్డంగా గీతలు గీసి, వాల్వును పెట్టి కొద్దిగా తిప్పితే తగిలిన చోట గీతలు చెరిగిపోతాయి. చెరగని చోటే లీకు. సీటు గుర్తు వాల్వు ముఖం మధ్యలో, చుట్టూ ఒకే వెడల్పుతో ఉండాలి. అంచుకు చేరితే వాల్వు కాలుతుంది, వెడల్పెక్కితే బొగ్గు చిక్కుకుంటుంది. గైడులో వాల్వును సగం పైకి లాగి పక్కలకు ఊపి చూడటం పాత అలవాటు. ఊపు ఎంతో డయల్ గేజ్‌తో కొలిస్తేనే మెకానిక్‌లందరూ ఒకే మాట మీద నిలబడతారు. గైడు మార్చాక సీటు తప్పనిసరిగా మళ్లీ కట్ చేయించాలి, ఎందుకంటే కొత్త గైడు మధ్యరేఖ పాతదాని మీదే పడుతుందన్న నమ్మకం లేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ షాపుల్లో ఈ పని చేయించేటప్పుడు గైడు, సీటు రెండూ ఒకే షాపులో ఇవ్వడం తెలివైన పని.

బిగించిన తర్వాత హెడ్ గాస్కెట్ కొన్ని వందల కిలోమీటర్లలో నొక్కుకొని సర్దుకుంటుంది. అప్పుడు హెడ్డు నట్లు మళ్లీ బిగిస్తారు. హెడ్డు ఎంత కిందికి దిగితే రాకర్లు అంత దిగుతాయి, పుష్ రాడ్లు పొడవైనట్టే లెక్క, సున్నా గ్యాప్ కాస్తా బిగుతవుతుంది. కాబట్టి నట్లు బిగించిన రోజునే, ఇంజన్ పూర్తిగా చల్లారాక, ట్యాపెట్ కవర్ విప్పి రాడ్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి. ముందు ఎగ్జాస్ట్‌ది.